మరక పడింది, ఏది అందుకోవాలి? ఇంట్లో ఉండే ఏడు సాధనాల పోలిక

రాత్రి రెండింటికి మా చిన్నోడికి ముక్కులోంచి రక్తం కారింది. వాణ్ణి కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కు నొక్కి పట్టుకుని, రక్తం ఆగాక పక్క గదిలో పడుకోబెట్టేసరికి అరగంట పట్టింది. ఇక మిగిలింది దిండు గలీబు, తెల్ల దుప్పటి. వేడి నీళ్ళకైతే మురికి తొందరగా వదులుతుందనుకుని బకెట్ నిండా పొగలు కక్కే నీళ్ళు పట్టి రెండూ ముంచేశాను. పొద్దున తీసి చూస్తే మధ్యలో ఎరుపు పోయింది గానీ, చుట్టూ పెన్సిల్‌తో గీసినట్టు గోధుమ రంగు గీత ఒకటి నిలిచిపోయింది. ఆ తర్వాత మామూలుగా ఎన్నిసార్లు ఉతికినా అది కదల్లేదు. రక్తంలో ప్రోటీన్లుంటాయి. తెల్లసొన వేడికి గట్టిపడ్డట్టే అవీ దారాల మధ్య గట్టిపడి కూర్చున్నాయి. చన్నీళ్ళు పట్టి ఉంటే ఆ రాత్రే చాలా వరకు పోయేది.

ఆ వారమే అల్మారాలో ఉన్న సీసాలు, డబ్బాలు అన్నీ కింద పరిచి, ఏది దేనికి పనికొస్తుందో తెలుసుకోవడం మొదలుపెట్టాను. అంతవరకు నేను ఏ మరకకైనా "ఏది ఎక్కువ ఘాటుగా ఉంది" అనే చూసేదాన్ని. అక్కడే పొరపాటు. మరక దేనితో తయారైందో, దేని మీద పడిందో తెలిస్తే చాలావాటికి ఘాటైనదాని అవసరమే రాదు.

## ముందు నాలుగు ప్రశ్నలు

మరకలో ఏముంది? రక్తం, పాలు, గుడ్డు, వాంతి, చెమట, ఇవన్నీ ప్రోటీను మరకలు. వీటికి ముందు చన్నీళ్ళే. నూనె, వెన్న, క్రీములు జిడ్డు మరకలు. వీటికి గోరువెచ్చని నీళ్ళు మేలు. టీ, కాఫీ, పళ్ళ రసాలు రంగు మరకలు. పెన్ను, మార్కరు గీతలది ఇంకో జాతి. కుళాయిల మీద, షవర్ తల మీద పేరుకునే తెల్లటి పొర అసలు మురికే కాదు, నీళ్ళలోని ఖనిజాలు. దానికి సబ్బుతో పనిలేదు.

దేని మీద పడింది? నూలు చాలావాటిని తట్టుకుంటుంది. ఉన్ని, పట్టు తట్టుకోవు. పాలరాయికి పులుపు పడదు. పాలిష్ వేసిన చెక్కకు స్పిరిట్ పడదు. నా లెక్కలో ఈ ప్రశ్న మొదటిదాని కన్నా ముఖ్యం. మరక మిగిలిపోతే ఇంకోసారి ప్రయత్నించవచ్చు, వస్తువే పాడైతే చేసేదేం లేదు.

ఇంట్లో ఎవరున్నారు? పాకే పిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, పెంపుడు జంతువులు ఉంటే కొన్ని సీసాలు ఇంట్లోకి తేకపోవడమే మంచిది.

ఎంతసేపు ఆగగలరు? దీన్ని చాలామంది పట్టించుకోరు. ఎంజైములున్న డిటర్జెంటు వేసి వెంటనే రుద్ది కడిగేస్తే డబ్బు నీళ్ళలో పోసినట్టే. దానికి టైం కావాలి. స్పిరిట్‌కు అసలు టైం అక్కర్లేదు.

## ఒక చూపులో

| సాధనం | దేనికి బాగా పనిచేస్తుంది | దేని మీద వద్దు | ఎంతసేపు ఉంచాలి |
|---|---|---|---|
| గిన్నెలు తోమే లిక్విడ్ | జిడ్డు, మామూలు మురికి | దాదాపు అన్నిటికీ పరవాలేదు, నురగ మాత్రం బాగా కడగాలి | 5–10 నిమిషాలు |
| ఎంజైములున్న డిటర్జెంటు | రక్తం, పాలు, వాంతి, మూత్రం, చెమట | ఉన్ని, పట్టు | కనీసం అరగంట, పాత మరకకు రాత్రంతా |
| ఆక్సిజన్ బ్లీచ్ పొడి | టీ, కాఫీ, పళ్ళ రసం, పసుపుబారిన తెల్లబట్టలు | ఉన్ని, పట్టు, తోలు | గంట నుంచి ఆరేడు గంటలు |
| వెనిగర్ | కుళాయిల మీది తెల్లపొర, సబ్బు పొర | పాలరాయి, సున్నపురాయి | 15–30 నిమిషాలు |
| వంటసోడా | వాసనలు, మెల్లగా రుద్దాల్సిన చోట్లు | అల్యూమినియం | వాసనకు కొన్ని గంటలు |
| క్లోరిన్ బ్లీచ్ | క్రిములు, తెల్ల నూలు, టైళ్ళ మీది బూజు | రంగు బట్టలు, ఉన్ని, పట్టు, సాగే బట్టలు, లోహాలు | లేబుల్ చెప్పినంత |
| స్పిరిట్ | బాల్ పెన్ను, మార్కరు, జిగురు | పాలిష్ చెక్క, యాక్రిలిక్ ప్లాస్టిక్ | అద్ది తీసేయడమే |

## గిన్నెలు తోమే లిక్విడ్

ఒక్కటే కొనమంటే ఇదే కొనమంటాను. ఇందులోని అణువుకు ఒక కొస నీళ్ళను పట్టుకుంటుంది, రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. జిడ్డు చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీళ్ళతో కొట్టుకుపోతుంది. చొక్కా మీద నూనె పడితే పొడిగా ఉన్నప్పుడే ఒక చుక్క వేసి వేలితో మెల్లగా రాయండి. ముందే తడిపితే బట్ట నీళ్ళు పీల్చుకుని లిక్విడ్ పలచనైపోతుంది. పది నిమిషాలాగి గోరువెచ్చని నీళ్ళతో కడిగితే చాలు. గోడ మీద క్రేయాన్ గీతలకూ ముందు దీన్నే వాడి చూడండి. దీంతో ఇబ్బందల్లా నురగే. సోఫా మీద, కార్పెట్ మీద ఎక్కువ వేస్తే కడిగి తీయడం కష్టం, మిగిలిన పలచటి పొర తర్వాత దుమ్మును లాక్కుంటుంది. అలాంటిచోట గిన్నెడు నీళ్ళలో రెండు మూడు చుక్కలు మించకూడదు.

## ఎంజైములున్న డిటర్జెంటు

పిల్లలున్న ఇంటికి నేను గట్టిగా చెప్పేది దీని గురించే. ప్రోటియేజ్ అనే ఎంజైము ప్రోటీన్లను ముక్కలు చేస్తుంది, లైపేజ్ కొవ్వును, అమైలేజ్ పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తాయి. మన కడుపులో అన్నం అరగడం వెనక ఉన్నదీ ఇదే పని. నిజానికి ఈ ఆలోచన పుట్టిందీ అక్కణ్ణుంచే. జర్మనీ రసాయన శాస్త్రవేత్త ఓటో రోమ్ 1913లో జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములను బట్టల ఉతుక్కి వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు వాడే ఎంజైములను సూక్ష్మజీవుల నుంచి తయారుచేస్తున్నారు.

ఎంజైములు ఎలా పనిచేస్తాయో తెలిస్తే వాటిని ఎలా వాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ళలో అవి చురుగ్గా ఉంటాయి. నీళ్ళు బాగా వేడెక్కితే అవే పాడైపోతాయి. అందుకే రక్తం మరకను ముందు చన్నీళ్ళలో జాడించి, వచ్చినంత రక్తం వదిలాక, చల్లటి లేదా గోరువెచ్చని నీళ్ళలో ఈ డిటర్జెంటు కలిపి అరగంటైనా నాననివ్వాలి. నానబెట్టిన బకెట్ దగ్గర నిలబడి రుద్దాల్సిన పనిలేదు. రుద్దడం వల్ల మరక ఇంకా లోపలికి దిగుతుంది.

క్లోరిన్ బ్లీచుతో కలిపితే ఎంజైములు పాడైపోతాయి, రెండూ ఒకేసారి వేయడం వృథా. ఉన్ని, పట్టు కూడా ప్రోటీనుతో తయారైనవే. ప్రోటియేజ్‌కు మరకేదో బట్టేదో తేడా తెలియదు. మా అత్తయ్య పట్టు శాలువా మీద పాలు ఒలికితే ఈ డిటర్జెంటే తీయబోయాను, ఆవిడే చెయ్యి పట్టుకుని ఆపింది. కారణం ఆవిడకు తెలియదు, పట్టు మీద అలాంటివి వేయకూడదని మాత్రం తెలుసు. కారణం నేను తర్వాత తెలుసుకున్నాను.

పరుపు మీద పిల్లలు పాసు పోసినప్పుడూ ఎంజైమే కావాలి. పొడి గుడ్డను అరచేత్తో ఒత్తి పట్టి తడిని ముందు పీల్చేయండి, ఒక గుడ్డ తడిస్తే ఇంకోటి. ఆ తర్వాత ఎంజైము ద్రావణాన్ని మచ్చ ఎంతవరకు దిగిందో అంతవరకు తడిసేలా చల్లాలి. పైపైన చల్లితే పైన వాసన పోయి, నాలుగు రోజులకు లోపలి నుంచి మళ్ళీ వస్తుంది. అయితే పరుపును తడిపినవాళ్ళే దాన్ని ఆరబెట్టాలి కూడా. ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ఆరకపోతే లోపల బూజు పడుతుంది. నిలబెట్టి, ఫ్యాను పెట్టి, కుదిరితే ఎండ తగిలేలా ఉంచండి.

## ఆక్సిజన్ బ్లీచ్

పేరులో బ్లీచ్ అని ఉంది గానీ క్లోరిన్‌తో దీనికి సంబంధం లేదు. పొడిలో ఉండేది సోడియం పెర్‌కార్బొనేట్. నీళ్ళలో వేయగానే అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, వాషింగ్ సోడాగా విడిపోతుంది. పెరాక్సైడ్ రంగు అణువులను విరగ్గొడుతుంది. టీ మరక మాయమయ్యేది అందుకే. దీనికి మాత్రం గోరువెచ్చని నుంచి వేడి నీళ్ళు కావాలి, సుమారు 40 డిగ్రీలు దాటితే బాగా పనిచేస్తుంది. చన్నీళ్ళలో వేసి "ఏం పనిచేయలేదు" అనేవాళ్ళను చాలామందిని చూశాను. ఇంకో మాట, నీళ్ళలో కలిపాక మిగిలితే సీసాలో పోసి మూత పెట్టకండి. ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది, సీసా పగిలిపోవచ్చు.

రంగు బట్టలకు క్లోరిన్ కన్నా ఇది చాలా నయం. అయినా ముందు లోపలి అంచు మీద వేసి చూడాల్సిందే.

మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దీనికి దగ్గరి చుట్టం. వెలుతురుకు పాడవుతుంది కాబట్టి ముదురు రంగు సీసాలో వస్తుంది. తెల్ల బట్ట మీది రక్తానికి వేస్తే బుసబుసా నురుగొస్తుంది. రక్తంలో ఉండే కాటలేజ్ అనే ఎంజైము పెరాక్సైడ్‌ను నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడం వల్ల వచ్చే నురుగది. రంగు బట్ట మీద వేస్తే రంగు వెలిసే ప్రమాదం ఉంది.

## వెనిగర్, వంటసోడా: విడివిడిగానే

ఈ రెండింటినీ కలిపి పోస్తే బుస్సుమని పొంగుతుంది, ఆ పొంగు చూసి ఏదో గొప్ప పని జరుగుతోందనుకుంటాం. ఒకటి ఆమ్లం, ఇంకోటి క్షారం. కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పొంగేది కార్బన్ డయాక్సైడ్, మిగిలేది దాదాపు నీళ్ళు, కాస్త ఉప్పులాంటి పదార్థం. విడిగా వాడితే రెండూ మంచివే.

వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సుమారు 5 శాతం ఉంటుంది. కుళాయి చివర తెల్లగా గట్టిపడిన పొర చాలావరకు కాల్షియం కార్బొనేట్, దాన్ని ఈ ఆమ్లం కరిగిస్తుంది. గుడ్డ తడిపి కుళాయికి చుట్టి ఇరవై నిమిషాలు వదిలేస్తే ఆ తర్వాత పాత టూత్‌బ్రష్షు చాలు. పాలరాయిదీ అదే పదార్థం, కాబట్టి దాని మెరుపునూ అంతే చక్కగా తినేస్తుంది. క్రిముల్ని చంపడానికి వెనిగర్‌ను నమ్ముకోకండి, ఆ పనికి అది చాలదు.

వంటసోడా మెల్లగా రుద్దే పొడి. గాజునో స్టీలునో గీరకుండా పట్టేసిన మరకను లేపుతుంది. పరుపు ఆరాక మీద చల్లి కొన్ని గంటల తర్వాత దులిపితే మిగిలిన వాసన తగ్గుతుంది. క్రిముల్ని అదీ చంపదు, జిడ్డును పెద్దగా తీయదు. అల్యూమినియం గిన్నె నల్లబడుతుంది.

## క్లోరిన్ బ్లీచ్

పారిస్ దగ్గరి జావెల్ అనే చోట 1780ల చివర్లో తయారై "జావెల్ నీళ్ళు"గా పేరుపడిన సరుకుకు వారసురాలిది. క్లోరిన్‌కు బట్టల్ని తెల్లబరిచే గుణం ఉందని చూపించినవాడు రసాయన శాస్త్రవేత్త బెర్తొలే. ఇప్పటి సీసాల్లో సోడియం హైపోక్లోరైట్ మామూలుగా 3 నుంచి 8 శాతం దాకా ఉంటుంది.

రోజువారీ మరకలకు దీన్ని తీయడమంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టే. అయితే గొడ్డలి అవసరమయ్యే రోజూ వస్తుంది. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వాంతులు, విరేచనాలు అంటుకుంటున్నాయంటే నోరోవైరస్ లాంటిది కావచ్చు. దాని మీద చేతుల శానిటైజర్ సరిగ్గా పనిచేయదు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నేల, టాయిలెట్, తలుపు పిడి బ్లీచుతో తుడవాలి. అప్పుడు దీని బదులు ఇంకోటి వాడమని నేను చెప్పను.

వాడే తీరు తెలియాలి. ముందు మురికిని సబ్బు నీళ్ళతో తీసేయాలి, ఎందుకంటే మురికి ఉన్నచోట పోస్తే బ్లీచ్ బలమంతా దాని మీదే ఖర్చయిపోతుంది. చన్నీళ్ళలోనే కలపాలి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. లేబుల్ మీద రాసిన టైం వరకు ఆ చోటు తడిగా ఉండాలి, వేసిన వెంటనే తుడిచేస్తే క్రిములు చావవు. కిటికీ తెరవాలి, చేతులకు తొడుగులు ఉండాలి. సీసా నెలల తరబడి ఉంటే బలం తగ్గుతుంది కాబట్టి పెద్దది కొని దాచుకోవడంలో లాభం లేదు.

మూత్రం పడ్డ పరుపు మీద, పిల్లి పాసు పోసిన మూల మీద మాత్రం బ్లీచ్ పోయకండి. మూత్రంలో అమ్మోనియా ఉంటుంది, బ్లీచుతో కలిస్తే విషవాయువు వస్తుంది.

## స్పిరిట్

బాల్ పెన్ను సిరా, మార్కరు గీతలు ఆల్కహాల్‌లో కరుగుతాయి. మామూలుగా దొరికేది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మరక కింద పాత గుడ్డ మడిచి పెట్టి, పైనుంచి దూదితో అద్దుతూ పోతే సిరా కింది గుడ్డలోకి దిగుతుంది. కింది గుడ్డను మాటిమాటికీ జరపాలి, లేకపోతే దిగిన సిరా మళ్ళీ ఎక్కుతుంది.

మా పెద్దమ్మాయి భోజనాల బల్ల మీద నల్ల మార్కరుతో ఇల్లు గీసింది, పొగగొట్టంతో సహా. స్పిరిట్‌తో తుడిచాను. ఇల్లు పోయింది, దానితోపాటు పాలిష్ కూడా లేచిపోయి అరచేయంత మేర చెక్క పాలిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పాలిష్ చెక్క మీద ముందు లిక్విడ్ కలిపిన తడిగుడ్డతో ప్రయత్నించి, గీత కాస్త మిగిలినా దాన్ని వదిలేయడమే మేలని ఇప్పుడు అనుకుంటాను. పొయ్యి, దీపం దగ్గర స్పిరిట్ సీసా తెరవకండి.

## ఎట్టి పరిస్థితిలో కలపకూడనివి

దీన్ని మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళందరికీ చదివి వినిపించండి, పని ఎవరు చేస్తే వాళ్ళకు. ఇక్కడ బ్లీచ్ అంటే క్లోరిన్ బ్లీచే.

- బ్లీచ్, వెనిగర్ (లేదా టాయిలెట్ కడిగే ఏ ఆమ్లమైనా): క్లోరిన్ వాయువు వస్తుంది.
- బ్లీచ్, అమ్మోనియా ఉన్న ఏదైనా: క్లోరమిన్ వాయువులు వస్తాయి.
- బ్లీచ్, స్పిరిట్: క్లోరోఫాం లాంటి విషపదార్థాలు తయారవుతాయి.
- హైడ్రోజన్ పెరాక్సైడ్, వెనిగర్ ఒకే సీసాలో: కళ్ళను, ఊపిరితిత్తులను కాల్చే పెరాసిటిక్ ఆమ్లం తయారవుతుంది.

"కలపను" అనుకునేవాళ్ళకూ ఇది జరుగుతుంది. పొద్దున ఒకరు టాయిలెట్‌లో ఆమ్లం పోసి వదిలేస్తారు, మధ్యాహ్నం ఇంకొకరు చూసుకోకుండా బ్లీచ్ పోస్తారు. అందుకే పోసినవాళ్ళు కడిగేవరకు ఆ పని పూర్తయినట్టు కాదని మా ఇంట్లో గట్టిగా అనుకున్నాం. ఘాటు వాయువు వచ్చిందంటే తుడవడానికి ఆగకండి, అందర్నీ తీసుకుని బయటి గాలిలోకి వెళ్ళండి. దగ్గు, ఆయాసం ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

## మీ ఇంటికి ఏది?

పాలు తాగే బిడ్డ ఉంటే: ఎంజైముల డిటర్జెంటు, ఆక్సిజన్ బ్లీచ్ ఈ రెండూ చాలు. బట్టలు ఒకసారి ఎక్కువ జాడించండి. కక్కిన బట్టలను కుప్ప పోయకుండా వెంటనే చన్నీళ్ళలో వేస్తే సగం పని అయిపోయినట్టే, ఉతకడం తీరిగ్గా చేసుకోవచ్చు.

బొమ్మలు గీసే వయసు పిల్లలుంటే: లిక్విడ్, వంటసోడా, చిన్న స్పిరిట్ సీసా. అసలు ఇంట్లో నీళ్ళతో పోయే మార్కర్లు తప్ప ఉంచకపోవడం అన్నిటికన్నా సులువు.

మంచం పట్టిన పెద్దవాళ్ళుంటే: నీళ్ళు దిగని పరుపు తొడుగు ముందు కొనండి, ఏ సీసా కన్నా అదే ఎక్కువ ఉపయోగం. ఆ తర్వాత ఎంజైము. ఇక్కడ టైం కన్నా ఓపిక ఎక్కువ ఖర్చవుతుంది. దుప్పట్లు మూడు జతలుంటే రాత్రిపూట ఉతికే పని తప్పుతుంది. పడుకున్నవాళ్ళకు కూడా తమ వల్ల ఇబ్బంది అవుతోందన్న బాధ కొంత తగ్గుతుంది. నాకు ఈ రెండో విషయమే పెద్దదనిపిస్తుంది.

ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే: స్ప్రే సీసాలన్నీ మానేయండి. ఏదైనా గుడ్డ మీద పోసుకుని తుడవండి, గాల్లోకి వెళ్ళే తుంపర తగ్గుతుంది. క్లోరిన్ బ్లీచ్ తప్పనిసరైన రోజున వాళ్ళు ఇంట్లో లేనప్పుడు వాడండి.

ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇల్లైతే: నానబెట్టి వదిలేసేవాటిని ఎంచుకోండి, రుద్దేవాటిని కాదు. రాత్రి పడుకోబోయే ముందు బకెట్‌లో వేస్తే ఎంజైము తన పని తాను చేసుకుంటుంది. మరక పోయిందో లేదో చూడకుండా ఇస్త్రీ చేయడం, డ్రయ్యర్‌లో వేయడం మాత్రం చేయకండి. ఆ వేడికి మిగిలిన మరక ఇక వదలదు.

కుళాయి నీళ్ళలో ఖనిజాలు ఎక్కువుంటే: వెనిగర్ తప్పదు. డిటర్జెంటు కూడా లేబుల్ మీద అలాంటి నీళ్ళకు చెప్పిన కొలతలోనే వేయండి.

ఏ ఇంటికైనా మూడే కొనమంటే: లిక్విడ్, ఎంజైముల డిటర్జెంటు, ఆక్సిజన్ బ్లీచ్. మిగతావి మీ ఇంటి అవసరాన్ని బట్టి. క్లోరిన్ బ్లీచ్ తెచ్చుకుంటే దాని సొంత సీసాలోనే, తాళం వేసే పై అరలో ఉంచండి. తాగునీళ్ళ సీసాలో పోసి పెట్టడం ఒక్కరోజుకైనా వద్దు.

ఇక ఆ పాత దుప్పటి. వేడి నీళ్ళు గట్టిపరిచిన ఆ గోధుమ గీతకు నెల తర్వాత మళ్ళీ ప్రయత్నం చేశాను. ఒక రాత్రంతా గోరువెచ్చని నీళ్ళలో ఎంజైము, పొద్దున బాగా జాడించి, వేడి నీళ్ళలో ఆక్సిజన్ బ్లీచ్ ఆరు గంటలు. అలా రెండుసార్లు. గీత ఇంకా ఉంది, కాకపోతే కిటికీ వెలుతురులో పట్టుకుని వెతికితేనే కనబడుతుంది. చిన్నోడు దాన్నే కప్పుకుంటున్నాడు. మొన్న మళ్ళీ ముక్కులోంచి రక్తం కారినప్పుడు నేను లేచేలోపే మా ఆయన బకెట్‌లో చన్నీళ్ళు పట్టాడు.